ఎడిటర్‌కు అర్థం కాని లైన్లు

(ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే.

మీ ల్యాప్‌టాప్‌లో ఏదో ఒక ఎడిటర్ తెరవండి. చిన్న సి ప్రోగ్రాం రాసి, ఒక లైన్ చివర సెమికోలన్ తీసేయండి. ఒక్క క్షణం ఆగండి. ఎర్రటి వంకర గీత వచ్చింది కదా? మౌస్ దాని మీద పెడితే సెమికోలన్ లేదని చెబుతుంది. రోజూ చూసేదే కాబట్టి దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నేను మాత్రం పన్నెండేళ్లుగా ఈ గీత చుట్టూనే తిరుగుతున్నాను. ఎడిటర్లకు ప్లగిన్లు, అంటే అదనపు పనులు చేర్చే చిన్న ప్రోగ్రాంలు, రాయడం, రాసినవి పాడైతే బాగుచేయడం నా పని.

గీత గీసేది ఎడిటరే. కానీ తప్పు పట్టుకున్నది చాలాసార్లు ఎడిటర్ కాదు. విమ్, ఈమ్యాక్స్ లాంటి ఎడిటర్లకు మీ ప్రోగ్రాం తప్పో ఒప్పో తేల్చేంత సి భాష రాదు. అవి మీ ఫైల్‌ను తీసుకెళ్లి కంపైలర్ చేతిలోనో, లింటర్ (కోడ్‌లో తప్పులు వెతికే పరికరం) చేతిలోనో పెడతాయి. అది నాలుగు లైన్లు ప్రింట్ చేస్తుంది. ఆ నాలుగు లైన్లను ఎడిటర్ చదువుకుంటుంది. ఏ ఫైల్, ఎన్నో లైన్, లైన్‌లో ఎన్నో గడి, తప్పేమిటి అని విడదీసుకుని ఆ చోటికి వెళ్లి గీత పెడుతుంది. ఇవాళ నేను మాట్లాడేది ఆ చదవడం గురించి. మనుషుల కోసం రాసిన మాటల్ని ఒక ప్రోగ్రాం చదవాల్సి వస్తే ఎలా చదువుతుంది? చదవలేకపోతే ఏం చేస్తుంది? నాకు రెండో ప్రశ్నే ముఖ్యం.

స్లయిడ్ చూడండి. మీకు సులువుగా ఉంటుందని తెలుగు లిపిలోనే రాశాను.

లెక్క.సి:12:5: ఎర్రర్: 'మొత్తం' అనే పేరును ఎక్కడా ప్రకటించలేదు

మొదట ఫైల్ పేరు, కోలన్, లైన్ నంబర్, కోలన్, కాలమ్ నంబర్, కోలన్, ఇది ఎర్రరా వార్నింగా అనే మాట, చివర సందేశం. జీసీసీ, క్లాంగ్ అనే సి కంపైలర్లు రెండూ దాదాపు ఇలాగే రాస్తాయి. జీసీసీని తయారుచేసే గ్నూ ప్రాజెక్ట్ కోడింగ్ ప్రమాణాల్లో ఎర్రర్ సందేశాలు ఎలా ఉండాలో ఒక భాగమే ఉంది. ఫైల్ పేరు, కోలన్, లైన్ నంబర్, కోలన్, సందేశం అన్న వరుస అందులో రాసిపెట్టారు. ఇది ఎంత చిన్న ఒప్పందమో చూడండి. ఈ ఒక్క వరుసను పాటిస్తే చాలు, మీరు ఇవాళ రాత్రి రాసే సొంత లింటర్ కూడా రేపు పొద్దున ఎన్నో ఎడిటర్లలో పనిచేస్తుంది. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ పని కొత్తది కాదు. 1980 లో బర్కిలీ నుంచి వచ్చిన 4.0 బీఎస్‌డీ యూనిక్స్‌లో 'ఎర్రర్' అన్న పేరుతోనే ఒక చిన్న ప్రోగ్రాం ఉండేది. కంపైలర్ చెప్పిందంతా దాని చేతికిస్తే, ప్రతి సందేశం ఏ పరికరం నుంచి వచ్చిందో గుర్తుపట్టేది. సి కంపైలరా, పాస్కలా, ఫోర్ట్రానా, లింటా అని. తర్వాత ఫైల్, లైన్ నంబర్ తీసుకుని, మీ సోర్స్ ఫైల్‌లో ఆ లైన్‌కు పైన ఆ సందేశాన్ని కామెంట్‌గా రాసేసేది. మీరు ఫైల్ తెరిచేసరికి తప్పు పక్కనే తప్పు వివరం ఉండేది. అప్పటి టెర్మినల్లో వంకర గీతలు గీసే వీలు లేదు కదా, అందుకే కామెంట్లు. ఆ ప్రోగ్రాం మాన్యువల్లో ఒక నియమం ఉంది, దాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరకు వస్తాను. తనకు అర్థం కాని సందేశం ఏదైనా వస్తే దాన్ని ఏ ఫైల్‌లోనూ పెట్టదు, ఉన్నదున్నట్టు టెర్మినల్ మీద ప్రింట్ చేస్తుంది.

1983 లో వచ్చిన టర్బో పాస్కల్ ఇంకో దారిలో వెళ్లింది. ఎడిటర్, కంపైలర్ రెండూ ఒకే ప్రోగ్రాంలో ఉండేవి. మొదటి తప్పు దగ్గరే కంపైలర్ ఆగిపోయి, కర్సర్‌ను నేరుగా అక్కడ పెట్టేది. చదవడం, విడదీయడం అన్న పనే లేదు. అది హాయి. కానీ ఆ ఎడిటర్‌లో ఆ ఒక్క భాషే.

విమ్‌లో కంపైలర్ సందేశాలను చదివి తప్పు దగ్గరకు తీసుకెళ్లే పనిని క్విక్‌ఫిక్స్ అంటారు. అమిగా కంప్యూటర్ల మీద మాంక్స్ వాళ్ల ఆజ్‌టెక్ సి కంపైలర్‌లో ఉన్న ఒక సదుపాయం చూసి దీన్ని పెట్టినట్టు విమ్ సహాయ పత్రాల్లోనే రాసుంది. బ్రామ్ మూలెనార్ విమ్ రాయడం మొదలుపెట్టింది కూడా అమిగా మీదే. ఇందులో ఎర్రర్‌ఫార్మాట్ అనే సెట్టింగ్ ఉంటుంది. పర్సెంట్ గుర్తు పక్కన ఎఫ్ రాస్తే ఇక్కడ ఫైల్ పేరు వస్తుందని అర్థం, ఎల్ రాస్తే లైన్, సి రాస్తే కాలమ్, ఎమ్ రాస్తే సందేశం. అంటే వచ్చే లైన్ ఎలా ఉంటుందో ముందే ఒక అచ్చు తయారుచేసి ఇస్తారు. ఒకటి కాదు, ఎన్ని అచ్చులైనా ఇవ్వొచ్చు. విమ్ వాటిని వరుసగా పెట్టి చూస్తుంది, మొదట సరిపోయిన అచ్చుతో ఆగిపోతుంది. వీఎస్ కోడ్‌లో దీన్నే ప్రాబ్లమ్ మ్యాచర్ అంటారు. అక్కడ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల అమరికను వర్ణించే సూత్రం) ఇచ్చి, మొదటి బ్రాకెట్‌లో పడింది ఫైల్, రెండో బ్రాకెట్‌లో పడింది లైన్ అని చెబుతారు. ఈమ్యాక్స్‌లోనూ ఇలాంటి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల పెద్ద పట్టికే ఉంటుంది. పేర్లు వేరు, పని ఒకటే.

వినడానికి తేలికగా ఉంది. కోలన్ దగ్గర ముక్కలు చేస్తే అయిపోయింది కదా అనిపిస్తుంది. నేను మొదటిసారి రాసినప్పుడు సరిగ్గా అదే చేశాను. విండోస్ కంప్యూటర్లో పెట్టగానే పాడైంది. అక్కడ ఫైల్ దారి సి అనే డ్రైవ్ అక్షరంతో, దాని పక్కన కోలన్‌తో మొదలవుతుంది. నా ప్లగిన్ 'సి' అనేదే ఫైల్ పేరు అనుకుని, మిగతా దారిని లైన్ నంబర్ అనుకుంది. మైక్రోసాఫ్ట్ కంపైలర్ లైన్ నంబర్‌ను బ్రాకెట్లలో రాస్తుంది, అందుకని ఆ ఇబ్బంది దానికి లేదు. కానీ అదే కంప్యూటర్లో వేరే పరికరాలు కోలన్లతోనే రాస్తాయి.

తర్వాతి చిక్కు, అన్ని సందేశాలూ ఒకే లైన్‌లో ఉండవు. పైథాన్ చూడండి. సింటాక్స్ తప్పు ఉంటే మొదట ఫైల్ పేరు, లైన్ నంబర్ ఒక లైన్‌లో వస్తాయి. కింద మీ కోడ్‌లోని లైన్ వస్తుంది. దాని కింద ఖాళీల తర్వాత టోపీ గుర్తు (^). అసలు విషయం, సింటాక్స్ ఎర్రర్ అన్న మాట, అన్నిటికంటే చివర. చదివే ప్రోగ్రాం మొదటి లైన్ చూసి చోటు గుర్తుపెట్టుకోవాలి, మధ్యలో వాటిని దాటాలి, చివరి లైన్ వచ్చాక రెండింటినీ కలపాలి. ప్రోగ్రాం నడుస్తుండగా తప్పు జరిగితే వచ్చే ట్రేస్‌బ్యాక్‌లో, అంటే ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చెప్పే జాబితాలో అయితే ఫైల్ పేర్లు ఐదారు వస్తాయి, ఎక్కువసార్లు మనకు కావలసింది ఆఖరిది. విమ్‌లో దీని కోసం బహుళ లైన్ల అచ్చులు ఉన్నాయి. ఇక్కడ మొదలు, ఇది కొనసాగింపు, ఇక్కడ ముగింపు అని పెద్దక్షరాలతో చెప్పాలి. అవి రాయడం కష్టం. మూడు నెలల తర్వాత మీరు రాసినవే మీరు చదవడం ఇంకా కష్టం. రస్ట్ కంపైలర్ ఇందుకు సరిగ్గా తిరగేసి, సందేశం ముందు చెప్పి, చోటును రెండో లైన్‌లో బాణం గుర్తు పక్కన రాస్తుంది. జావాస్క్రిప్ట్ లింటర్ ఈఎస్‌లింట్ మామూలుగా ఇచ్చే అవుట్‌పుట్‌లో ఫైల్ పేరు శీర్షికలా ఒక్కసారే పైన ఉంటుంది, తప్పులన్నీ దాని కింద వరుసగా ఉంటాయి. మనిషి కంటికి అది చాలా బాగుంటుంది. ప్రోగ్రాం మాత్రం శీర్షికను గుర్తుంచుకుని, కింద ఎన్ని లైన్లుంటే అన్నిటికీ అదే ఫైల్ పేరు అంటించుకుంటూ పోవాలి.

మేక్, అంటే ప్రాజెక్టులోని ఫైళ్లను వరుసగా కంపైల్ చేయించే ప్రోగ్రాం, ఇంకో సంగతి. పెద్ద ప్రాజెక్టుల్లో మేక్ ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌లోకి వెళ్తూ కంపైల్ చేస్తుంది. కంపైలర్ లెక్క.సి అని చెబుతుంది, కానీ ఏ ఫోల్డర్‌లో లెక్క.సి? మేక్ ఏ ఫోల్డర్‌లోకి వెళ్లిందో, ఎందులోంచి బయటికొచ్చిందో ప్రింట్ చేసే లైన్లను కూడా ఎడిటర్ చదువుతూ, దారి గుర్తుంచుకోవాలి. నాలుగు పనులు ఒకేసారి నడిపితే ఆ లైన్లన్నీ కలగాపులగం అవుతాయి. 2013 లో వచ్చిన గ్నూ మేక్ 4.0 లో ఒక్కో పని అవుట్‌పుట్‌ను విడివిడిగా మూటగట్టి ఇచ్చే సదుపాయం పెట్టారు.

ఇంతవరకు చెప్పినవన్నీ ఎప్పుడో ఒకప్పుడు బయటపడే ఇబ్బందులే. గీత తప్పు చోట వస్తే మీకు వెంటనే తెలుస్తుంది. నాకు నిజంగా భయం వేసేది గీత రాకపోతే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా టీమ్ కోసం ఒక ప్లగిన్ రాశాను. కోలన్ తర్వాత ఎర్రర్ అనే మాట ఉంటే ఎర్ర గీత, వార్నింగ్ అనే మాట ఉంటే పసుపు గీత. హైదరాబాద్‌లో మా అందరికీ చక్కగా పనిచేసింది. మా టీమ్‌లో ఒకాయన జర్మనీ నుంచి పనిచేసేవారు. ఆయన కూడా అదే ప్లగిన్ పెట్టుకున్నారు. మూడు వారాలపాటు ఆయన ఎడిటర్‌లో ఒక్క పసుపు గీత కూడా రాలేదు. తన కోడ్ శుభ్రంగా ఉందని ఆయన అనుకున్నారు, అలా అనుకోవడంలో ఆయన తప్పేమీ లేదు. ఒక రిపోర్టులో మొత్తాలు ఒక్కోసారి ఒక్కోలా వస్తున్నాయని ఫిర్యాదు వచ్చింది. వెతికితే విలువ ఇవ్వకుండానే వాడేసిన ఒక వేరియబుల్ దొరికింది. కంపైలర్ దాని గురించి ప్రతిసారీ హెచ్చరిస్తూనే ఉంది. కానీ ఆయన కంప్యూటర్ భాష జర్మన్. జీసీసీ సందేశాలు చాలా భాషల్లోకి అనువాదమయ్యాయి, జర్మన్‌లో అది ఎర్రర్ బదులు ఫేలర్ అని, వార్నింగ్ బదులు వార్నుంగ్ అని రాస్తుంది. నా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కు ఆ మాట తెలియదు. తెలియని లైన్ వస్తే ఏం చేయాలని నేను రాశానో తెలుసా? వదిలేయమని.

ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు. 'తప్పులు లేవు' అన్నదానికీ 'తప్పులు ఉన్నాయేమో, నాకు అర్థం కాలేదు' అన్నదానికీ తెర మీద ఒకటే బొమ్మ కనిపించింది, ఖాళీ తెర. అలా కనిపించేలా చేసింది నేను.

ఇప్పుడు 1980 నాటి ఆ ప్రోగ్రాం నియమం గుర్తుచేసుకోండి. అర్థం కాకపోతే దాచలేదు, మనిషి ముందు పెట్టేసింది. విమ్ కూడా మామూలుగా అంతే, ఏ అచ్చుకూ సరిపోని లైన్‌ను క్విక్‌ఫిక్స్ జాబితాలో ఉత్త లైన్‌గా ఉంచుతుంది. దాని మీద నొక్కితే ఎక్కడికీ వెళ్లదు, కానీ కంటికి కనిపిస్తుంది. అయితే జాబితా నీట్‌గా ఉండాలని చాలామంది ప్లగిన్ రచయితలు ఎర్రర్‌ఫార్మాట్ చివర ఒక అచ్చు తగిలిస్తారు. 'పైవాటిలో దేనికీ సరిపోనివన్నీ పారేయి' అని దాని అర్థం. దాన్ని పెట్టేముందు దయచేసి రెండుసార్లు ఆలోచించండి. ఈమ్యాక్స్‌లో ఫ్లైచెక్ అనే ప్యాకేజీ ఉంది. దాని ప్రవర్తన నాకు ఎంతో నచ్చుతుంది. లింటర్ ముగిసేటప్పుడు ఒక ఎగ్జిట్ కోడ్ ఇస్తుంది కదా, సున్నా అయితే అంతా బాగుందని, కాకపోతే ఏదో ఉందని. ఎగ్జిట్ కోడ్ సున్నా కాదు, కానీ అవుట్‌పుట్‌లో తనకు ఒక్క తప్పూ దొరకలేదు అనుకోండి, ఫ్లైచెక్ ఊరుకోదు. ఇదేదో అనుమానంగా ఉంది, చూడండి అని హెచ్చరిస్తుంది. ఆ ఒక్క పోలిక నా ప్లగిన్లో ఉండి ఉంటే, ఆయన కోడ్‌లో మొదటి ఎర్రర్ వచ్చిన రోజే విషయం బయటపడేది, మూడు వారాలు పోయేవి కావు.

భాష సమస్యకు ప్లగిన్లు సాధారణంగా చేసేది ఏమిటంటే, కంపైలర్‌ను పిలిచేముందు సందేశాలు ఏ భాషలో రావాలో చెప్పే ఎల్‌సీ ఆల్ అనే సెట్టింగ్‌ను సి అని మార్చి, ఇంగ్లీషులోనే మాట్లాడించడం. పనిచేస్తుంది. నేనూ అదే చేశాను. కానీ అందులో ఒక అన్యాయం ఉంది. మనిషికి తన భాషలో అందే సందేశాన్ని, చదివే ప్రోగ్రాం సౌకర్యం కోసం లాగేసుకున్నాం. దీని గురించి చివర్లో మాట్లాడదాం.

ఇప్పుడు కాలమ్ నంబర్లు. ఇది మనకు బాగా దగ్గరి విషయం, కాబట్టి కొంచెం నిదానంగా వెళ్తాను.

ఒక పైథాన్ లైన్ తీసుకుందాం. ప్రింట్ అని ఇంగ్లీషులో ఐదు అక్షరాలు, తర్వాత బ్రాకెట్, తర్వాత కోట్. మొత్తం ఏడు గళ్లు. కోట్ లోపల తెలుగులో 'నమస్తే'. కోట్ మూసి, ఒక ఖాళీ ఇచ్చి, కామా మర్చిపోయి వై అనే వేరియబుల్ రాశాం, బ్రాకెట్ మూశాం. ఒక పరికరం ఆ వై దగ్గర గీత పెట్టించాలని అనుకుంటోంది. వై ఎన్నో కాలమ్‌లో ఉంది?

ఎవరో 13 అన్నారు. మీరు కంటితో లెక్కపెట్టారు. న, మ, స్తే, మూడు అక్షరాలు. ఏడూ మూడూ పది, కోట్ పదకొండు, ఖాళీ పన్నెండు, వై పదమూడు. బడిలో మనకు నేర్పిన లెక్క ప్రకారం అది సరైనదే.

కానీ యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లు వాడే నంబర్ల పట్టికలో, నమస్తే మూడు ముక్కలు కాదు, ఆరు. న, మ, స, పొల్లు, త, ఏత్వం. స్తే అన్న ఒక్క అక్షరానికే నాలుగు ముక్కలు. ఆ లెక్కన వై 16 లో ఉంది. ఇక ఫైల్‌లో ఇది యూటీఎఫ్-8 లో, అంటే యూనికోడ్ ముక్కల్ని బైట్లుగా రాసే పద్ధతిలో, దాచి ఉంటుంది. తెలుగు ముక్క ఒక్కోదానికి మూడు బైట్లు కాబట్టి ఆరు ముక్కలకు 18 బైట్లు. బైట్లు లెక్కపెట్టే పరికరం 28 అంటుంది. ఇంకా ఉంది. తెర మీద ఎన్ని గళ్లు పడతాయన్న లెక్క వేసే పరికరాలు పొల్లుకూ ఏత్వానికీ వెడల్పు సున్నా అనుకుంటాయి. అప్పుడు న, మ, స, త నాలుగు గళ్లు. వాటి ప్రకారం వై 14 లో ఉంది.

13, 14, 16, 28. నాలుగూ ఒకే చోటికి నంబర్లు. ఏదీ తప్పు కాదు. పరికరం ఒక లెక్కలో చెప్పి, ఎడిటర్ ఇంకో లెక్కలో విన్నప్పుడే తప్పు పుడుతుంది. పరికరం 16 అన్నప్పుడు ఎడిటర్ దాన్ని బైట్లు అనుకుంటే గీత 'నమస్తే'లో స మీద పడుతుంది, అది కూడా స తాలూకు మూడో బైట్ మీద. పరికరం 28 అన్నప్పుడు ఎడిటర్ ముక్కలు అనుకుంటే, ఆ లైన్‌లో ఉన్నవే 17 ముక్కలు కాబట్టి గీత ఎక్కడా పడదు. కొన్ని ఎడిటర్లు లైన్ చివరకు జరుపుతాయి, కొన్ని ఆ సందేశాన్నే వదిలేస్తాయి.

ఎవరు ఏ లెక్క వాడతారు? గో భాష పరికరాల్లో కాలమ్ అంటే బైట్ల లెక్క. పైథాన్‌లో ఒకే భాష లోపల రెండు లెక్కలు ఉన్నాయి. ఏఎస్‌టీలో (పైథాన్ మీ కోడ్‌ను విడదీసి తయారుచేసుకునే చెట్టులో) దొరికే కాలమ్ సున్నా నుంచి మొదలయ్యే బైట్ల లెక్క, సింటాక్స్ ఎర్రర్‌తో వచ్చే కాలమ్ ఒకటి నుంచి మొదలయ్యే ముక్కల లెక్క. జీసీసీ ముందు బైట్లే చెప్పేది, 2021 లో వచ్చిన 11 వ వెర్షన్ నుంచి మామూలుగా తెర గళ్ల లెక్క చెబుతోంది. కావాలంటే పాత పద్ధతికి మార్చుకునే ఆప్షన్ కూడా ఇచ్చారు. ట్యాబ్ కూడా అంతే, కొందరికి అది ఒక గడి, కొందరికి తర్వాతి ఎనిమిదో గడి వరకు దూకుడు. విమ్ అందుకే రెండు గుర్తులు పెట్టింది, బైట్ల కాలమ్‌కు ఒకటి, తెర కాలమ్‌కు ఒకటి.

కంటితో లెక్కపెట్టిన 13 కూడా స్థిరంగా లేదు, తెలుసా? అక్షరం ఎక్కడ విరుగుతుందన్న యూనికోడ్ నియమాలు స్తేను చాలాకాలం రెండు తునకలుగా చూశాయి, స్ ఒకటి, తే ఒకటి. 2023 లో వచ్చిన యూనికోడ్ 15.1 లో తెలుగుతో పాటు కొన్ని భారతీయ లిపుల్లో ఒత్తులున్న అక్షరాన్ని విరగ్గొట్టకూడదని నియమం చేర్చారు. 'స్త్రీ' అనే మాట తీసుకోండి. మనకు ఒక అక్షరం, యూనికోడ్‌కు ఆరు ముక్కలు, ఫైల్‌లో 18 బైట్లు.

ఇంగ్లీషులో మాత్రమే కోడ్ రాసేవాళ్లకు ఈ తేడా ఏళ్ల తరబడి కనిపించదు. అక్కడ నాలుగు లెక్కలూ ఒకటే. కామెంట్‌లో తెలుగు రాసే మనకు, యాప్‌లో తెలుగు మాటలు పెట్టే మనకు మొదటిరోజే కనిపిస్తుంది. మీ ఎడిటర్‌లో గీత పక్కకు జరిగి పడితే, 'తెలుగు వాడితే ఇంతే' అని వదిలేయకండి. ఎన్ని గళ్లు జరిగిందో లెక్కపెట్టండి. ఒక్కో తెలుగు ముక్కకు రెండేసి గళ్లు జరిగిందంటే బైట్లకూ ముక్కలకూ మధ్య పొరపాటు అని అక్కడికక్కడే తేలిపోతుంది. ఆ ఒక్క వాక్యంతో ఆ ప్లగిన్ వాళ్లకు బగ్ రిపోర్ట్ రాయండి. నాకు అలాంటి రిపోర్టులు వస్తే ఎంత సంతోషమో చెప్పలేను, సగం పని మీరే చేసిపెట్టినట్టు.

టైప్ చేస్తుండగానే గీతలు రావడం గురించి రెండు ముక్కలు. ఫైల్ ఇంకా సేవ్ కాలేదు కాబట్టి ఎడిటర్ ఒక తాత్కాలిక కాపీ రాసి లింటర్‌కు ఇస్తుంది, లేదా నేరుగా పైప్ ద్వారా పంపుతుంది. సందేశంలో ఆ తాత్కాలిక ఫైల్ పేరు వస్తుంది, దాన్ని మళ్లీ అసలు పేరుకు మార్చాలి. జవాబు వచ్చేలోపు మీరు పైన రెండు లైన్లు కొట్టేసి ఉంటే గీతలన్నీ రెండు లైన్లు తప్పుతాయి. కాబట్టి ఏ వెర్షన్ మీద ఆ జవాబు వచ్చిందో ఎడిటర్ గుర్తుంచుకోవాలి.

మరి మనిషి కోసం రాసిన లైన్లను చదవడం ఎందుకు, ప్రోగ్రాం కోసం విడిగా రాయించుకోవచ్చు కదా అని మీకు అనిపించి ఉంటుంది. ఇప్పుడు చాలావరకు అటే వెళ్తున్నాం. జావా ప్రపంచంలో చెక్‌స్టైల్ అనే పరికరం వాడిన ఎక్స్‌ఎంఎల్ రూపాన్ని వేరే భాషల లింటర్లు కూడా తీసుకున్నాయి. రస్ట్ కంపైలర్ జేసన్‌లో, అంటే పేర్లు, విలువలుగా విడదీసి రాసే రూపంలో, ఇస్తుంది, అందులో తప్పు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏ మార్పును ఎడిటర్ కళ్లు మూసుకుని చేసేయవచ్చో కూడా ఉంటుంది. జీసీసీలో జేసన్ 2019 లో 9 వ వెర్షన్‌తో వచ్చింది. ఇలాంటి తప్పుల జాబితాల కోసమే చేసిన సారిఫ్ అనే రూపం 2020 లో ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ప్రమాణం అయింది. 2016 లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌లో అయితే ప్రింట్ చేసి చదువుకోవడమే లేదు. సర్వర్, అంటే ఆ భాష తెలిసిన విడి ప్రోగ్రాం, ఎడిటర్‌కు నేరుగా మొదలు, ముగింపు, తీవ్రత, కోడ్, సందేశం అని విడివిడిగా పంపుతుంది. తీవ్రత ఒక అంకె, 1 అంటే ఎర్రర్, 2 అంటే వార్నింగ్. అక్కడ కూడా కాలమ్ గొడవ తప్పలేదు. మొదట్లో అందరూ యూటీఎఫ్-16 అనే ఇంకో పద్ధతి లెక్కే వాడాలని పెట్టారు. మన తెలుగు ముక్కలకు అందులో ఒక్కోటి ఒకటే, కానీ ఎమోజీ చాలావరకు రెండు. 2022 లో వచ్చిన 3.17 వెర్షన్‌లో ఏ లెక్క వాడాలో ఎడిటర్, సర్వర్ మొదట్లోనే మాట్లాడుకునే వీలు కల్పించారు. లెక్క ఏదైనా పర్వాలేదు, ముందే చెప్పుకోవాలి. ఇది సరైన పద్ధతి అని నా అభిప్రాయం.

అయినా పాత అచ్చులు పోతాయని నేను అనుకోను. 2024 లో ఈఎస్‌లింట్ 9 వ వెర్షన్ కొన్ని పాత అవుట్‌పుట్ రూపాలను తనలోంచి తీసేసి, విడి ప్యాకేజీలుగా వదిలింది. వాటిలో ఒక్కో తప్పును ఒక్కో లైన్‌లో ఇచ్చే రూపాలు కూడా ఉన్నాయి. వాటి మీద ఆధారపడిన ఎడిటర్ సెట్టింగులు సరిచేసుకోవాల్సి వచ్చింది. అంటే ఆ రోజుకీ జనం వాటిని వాడుతూనే ఉన్నారు. మీ కాలేజీ ప్రాజెక్టుకు మీరు రాసుకునే చిన్న తనిఖీ స్క్రిప్టుకు సర్వర్ ఎవరు రాస్తారు? ఫైల్, కోలన్, లైన్, కోలన్, సందేశం. అదే చాలు.

ప్రశ్నలు ఉంటే అడగండి. అవును, మూడో వరుసలో అమ్మాయి.

(విద్యార్థిని: మేడమ్, నేను ఇంటర్ వరకు తెలుగు మీడియం. మొదటి సెమిస్టర్‌లో ఎర్రర్ చూస్తేనే టెన్షన్ వచ్చేది. ఇవి తెలుగులో వచ్చే వీలుందా?)

ఉంది. ఇందాక చివర్లో మాట్లాడదామన్నది ఇదే. సందేశం చదవాల్సింది మీరు, చోటు తెలుసుకోవాల్సింది ఎడిటర్. ఇద్దరికీ ఒకే లైన్ ఇవ్వడం వల్లే ఇన్నాళ్లూ చిక్కు. తీవ్రత అంకెగా, చోటు అంకెలుగా విడిగా వస్తే, సందేశం ఏ భాషలో ఉన్నా ఎడిటర్‌కు ఇబ్బంది లేదు. టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ చూడండి. దాని సందేశాలు జపనీస్, కొరియన్, టర్కిష్ లాంటి భాషల్లో వస్తాయి. సందేశం మారినా ముందుండే ఎర్రర్ అన్న మాట, దాని పక్కన కోడ్ నంబర్ మారవు, అందుకే అచ్చులు చెడవు. భారతీయ భాషలు అందులో లేవు. కానీ ప్రతి సందేశానికీ నంబర్ ఉంది కాబట్టి, కంపైలర్ జోలికి వెళ్లకుండానే మనం పని మొదలుపెట్టొచ్చు. నంబర్ చూసి, దాని పక్కన తెలుగు వివరణ చూపించే చిన్న ఎక్స్‌టెన్షన్ చాలు. 2304 అంటే వాడిన పేరు ఎక్కడా దొరకలేదని. మీరైతే దాన్ని ఎలా రాస్తారు? 'ఈ పేరుతో ఏదీ కనిపించలేదు. స్పెల్లింగ్ చూడండి, లేదా ముందు దాన్ని ప్రకటించండి.' చూశారా, ఒకటి అయిపోయింది.

మొదటి సెమిస్టర్ పిల్లలు ఎక్కువగా ఏ ఎర్రర్ల దగ్గర ఆగిపోతున్నారో మీకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఇవాళ సాయంత్రం ఐదు వరకు నేను ల్యాబ్‌లోనే ఉంటాను. మీకు గుర్తున్నవి రాసుకుని రండి, ఇందాకటి నమస్తే లైన్ కూడా పెట్టి, గీత ఎక్కడ పడుతుందో చూద్దాం.